కబురు ఖర్చు: పీర్ టు పీర్ చెల్లింపుల నెట్‌వర్క్‌లలో సందేశాల వ్యాప్తిపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఆదివారం సాయంత్రాలు కూర్చుని బిట్‌కాయిన్, దానిపై నడిచే చెల్లింపుల వ్యవస్థ లైట్నింగ్ వంటి నెట్‌వర్క్‌ల లోపలి పనితీరును చదువుకునే మా చిన్న బృందంలోకి కొత్తగా వచ్చినవారు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పిందే చెప్పడం మానుకుందామని జవాబులను ఒకచోట రాసి పెట్టాను. ధరల గురించి, పెట్టుబడుల గురించి ఇక్కడ ఏమీ ఉండదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు కబురు ఎలా అందుతుంది, అలా అందించడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చును ఎక్కడ తగ్గించవచ్చు అన్నదే ఇక్కడి విషయం.

ఫోన్‌లో యూపీఐ ద్వారా పంపే డబ్బు కూడా పీర్ టు పీర్ కాదా?

మధ్యలో కేంద్రం లేకుండా కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవడమే ఇక్కడ పీర్ టు పీర్. యూపీఐ లెక్కల్లో కనిపించే 'పీటూపీ'కి వ్యక్తి నుంచి వ్యక్తికి అని మాత్రమే అర్థం. మీరు గాంధీ రోడ్డులో నిలబడి స్నేహితుడికి రెండు వందలు పంపితే, ఆ సందేశం మీ బ్యాంకు నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే కేంద్ర వ్యవస్థకూ, అక్కడి నుంచి అవతలి బ్యాంకుకూ వెళ్తుంది. దారి ముందే తెలుసు, కబురు ఎవరికి చేరాలో కూడా తెలుసు కనుక వ్యాప్తి అనే సమస్యే అక్కడ పుట్టదు.

బిట్‌కాయిన్‌లో అటువంటి నడిబొడ్డు ఏదీ లేదు. మీ లావాదేవీని ఎవరు బ్లాకులో (అందరి ఖాతా పుస్తకంలో ఒక పేజీ వంటిది) చేరుస్తారో మీకు తెలియదు కనుక, అది ప్రపంచంలోని వేల నోడ్‌లన్నింటికీ (ఈ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్లు) చేరాలి, అదీ ఎవరి పెత్తనమూ లేకుండా పొరుగువారి నుంచి పొరుగువారికి పాకుతూ చేరాలి. మన ఊళ్లో తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపుతో మొదలవుతుంది. చాటింపు వేసేవారు ఎవరో అందరికీ తెలుసు, ఒకసారి వేస్తే ఊరంతటికీ సరిపోతుంది. యూపీఐని అటువైపు పెట్టుకోండి. బిట్‌కాయిన్ తీరు మాత్రం బస్టాండు ఎదుట శ్రీనివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్ల కబురు పాకినట్టు ఉంటుంది. 'ఈ పొద్దుకు టోకెన్లు అయిపోయినాయంట' అని వరుసలో ఎవరో అంటారు. పక్కవాడు తన పక్కవాడికి చెబుతాడు, బయట ఆటో డ్రైవరు దిగేవారికి చెబుతాడు. అయిదు నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది, కానీ ఒక్కొక్కరు ఆ మాటను ఏడెనిమిది సార్లు వింటారు.

అలా నోటిమాటగా పాకితే అందరికీ చేరుతుందన్న నమ్మకం ఏమిటి?

దీనికి గట్టి గణితమే ఉంది. జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆలన్ డెమర్స్, ఆయన సహచరులు 1987లో అనేక చోట్ల ఉన్న డేటాబేస్ ప్రతులను ఒక్కలా ఉంచడానికి అంటువ్యాధి పాకే తీరును వాడుకోవచ్చని చూపించారు. అదే ఏడాది గణితవేత్త బోరిస్ పిట్టెల్ ఈ వేగానికి లెక్క కట్టారు. కబురు తెలిసిన ప్రతివారూ ఒక్కో దఫాలో గుడ్డిగా ఒక్కరిని ఎంచుకుని చెబుతూ పోతే, అందరికీ చేరడానికి పట్టే దఫాలు జనసంఖ్యకు రెండు ఆధారంగా తీసిన లాగరిథం, సహజ లాగరిథం రెండూ కలిపినంత ఉంటాయి. పదివేల మందికి అది సుమారు 13.3, 9.2 కలిపి ఇరవైరెండున్నర దఫాలు. జనం పది రెట్లు పెరిగి లక్ష అయినా అదనంగా పట్టేది అయిదారు దఫాలే. వేగానికి లోటు లేదన్నమాట. చిక్కంతా వృథాలో ఉంది.

వృథా అంటే ఎంత? ఒక ఉదాహరణ చెప్పండి.

బిట్‌కాయిన్ నోడ్ లావాదేవీని ఎకాయెకి పంపదు. ముందు 'నా దగ్గర ఫలానాది ఉంది' అని ఒక చిన్న ప్రకటన పంపుతుంది. అవతలివారి దగ్గర లేకపోతే వారు అడుగుతారు, అప్పుడు అసలు సరుకు వెళ్తుంది. పద్ధతి చక్కనిదే. అయితే ఆ ప్రకటన ఒక్కొక్కటీ 36 బైట్లు, అందులో 4 బైట్లు రకానికి, 32 బైట్లు లావాదేవీ గుర్తుకు.

మామూలు నోడ్ లావాదేవీల కోసం తానుగా ఎనిమిది పొరుగు నోడ్‌లతో సంబంధం పెట్టుకుంటుంది. ఒక లావాదేవీ గురించి ఆ ఎనిమిది దారుల్లోనూ, అటు నుంచో ఇటు నుంచో, ఒక్కో ప్రకటన నడుస్తుంది. ఎనిమిది 36లు 288 బైట్లు. ఒక సాధారణ లావాదేవీ పరిమాణం కూడా రెండు మూడు వందల బైట్లే. అంటే సరుకు ఎంత బరువో, సరుకు వచ్చిందన్న కబురు కూడా అంతే బరువు తూగుతోంది. ఆ ఎనిమిదింటిలో మీకు నిజంగా కొత్త సంగతి చెప్పేది ఒక్కటే. బయటివారిని కూడా చేర్చుకుని గరిష్ఠ సంఖ్య అయిన 125 సంబంధాలను నిండా నడిపే నోడ్‌కైతే ఒక్క లావాదేవీకి ప్రకటనలే దాదాపు 4,500 బైట్లు అవుతాయి.

అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురికే చెబితే సరిపోదా?

కొత్తవారు అందరూ మొదట ఇక్కడికే వస్తారు, నేనూ వచ్చాను. పొదుపు కావాలంటే నెట్‌వర్క్‌ను చెట్టులా అల్లి, ప్రతి నోడ్‌కు ఒక్క దారిలోనే కబురు వచ్చేలా చేయవచ్చు, వృథా సున్నా అవుతుంది. కానీ ఆ చెట్టులో ఒక్క కొమ్మ విరిగితే దాని కింద ఉన్నవారందరికీ లోకం చీకటి. విరగడం ప్రమాదవశాత్తూ జరిగితే సర్దుకోవచ్చు, కానీ డబ్బు నడిచే చోట కొమ్మను కావాలని నరికేవారు ఉంటారు. ఈథన్ హైల్‌మన్, ఆయన సహచరులు 2015లో బిట్‌కాయిన్ నోడ్ చుట్టూ ఉన్న పొరుగువారందరినీ దాడిదారు తన మనుషులతోనే నింపేసి, దానికి అబద్ధపు లోకాన్ని చూపించే అవకాశాన్ని వివరించారు. ఆ మోసం పారకూడదంటే కనీసం ఒక్క నిజాయితీ గల పొరుగు దారి తెరిచి ఉండాలి, అందుకు సంబంధాలు ఎక్కువ ఉండాలి. కాబట్టి ఇప్పటిదాకా మనం వృథా అని పిలిచిన పునరుక్తి ఒక్కోసారి రక్షణ కూడా. ఈ పేజీలో చెప్పే ప్రతి పద్ధతినీ 'ఇది ఎంత పునరుక్తిని ఉంచుకుంది, ఎక్కడ ఉంచుకుంది' అన్న ప్రశ్నతోనే తూచడం నాకు అలవాటు.

చెట్టుకూ, అందరికీ చెప్పే గుంపు తీరుకూ మధ్యేమార్గం లేకపోలేదు. 2007లో వచ్చిన ప్లమ్‌ట్రీ అనే పద్ధతిలో పూర్తి సందేశం చెట్టు దారుల్లో వెళ్తుంది. మిగతా దారుల్లో 'నా దగ్గర ఉంది' అన్న చిన్న కబురే వెళ్తుంది, చెట్టు తెగితే ఆ దారిలో అడిగి తెచ్చుకుంటారు. ఈథీరియం అనే మరో నెట్‌వర్క్ నేడు వాడే గాసిప్‌సబ్ కూడా ఈ దారిలోనిదే. అందులో ఒక్కో అంశానికి ఎనిమిది మంది పొరుగువారిని లక్ష్యంగా పెట్టుకుని, ఆరుకు తగ్గకుండా పన్నెండుకు మించకుండా చూసుకుంటూ, వారికి పూర్తి సందేశాలను, మిగిలినవారిలో కొందరికి గుర్తులను మాత్రమే పంపుతారు.

సమితుల సరిపోల్చడం అన్నది తరచుగా వింటున్నాను. అది ఏమిటి?

ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే కనుక కొంచెం నిదానంగా చెబుతాను. ఇద్దరి దగ్గరున్న జాబితాల మధ్య తేడా ఏమిటో తక్కువ మాటల్లో తేల్చుకోవడమే అది.

దామలచెరువు మామిడి మార్కెట్లో ఇద్దరు గుమాస్తాలు ఉన్నారనుకోండి. ఉదయం నుంచి వచ్చిన లారీల కాటా చీటీల నంబర్లు ఇద్దరి దగ్గరా ఉండాలి. మొదటివాని దగ్గర 101, 104, 109, 117 ఉన్నాయి. రెండోవాని దగ్గర 101, 104, 117 మాత్రమే ఉన్నాయి. ఏది తక్కువైందో తెలియడానికి ఫోన్లో నంబర్లన్నీ చదవనక్కరలేదు. మొదటివాడు తన మొత్తం 431 అని చెబితే చాలు. రెండోవాడు తన మొత్తం 322ను అందులోంచి తీసేస్తే 109 వస్తుంది, లేని చీటీ అదే. చీటీలు నాలుగున్నా నాలుగు వేలున్నా చెప్పవలసింది ఒక్క సంఖ్యే.

రెండు చీటీలు తక్కువైతే? అప్పుడు మొత్తంతో పాటు వర్గాల మొత్తం కూడా చెప్పాలి. తక్కువైనవి 104, 109 అనుకుందాం. మొత్తాల తేడా 213గానూ, వర్గాల మొత్తాల తేడా 22,697గానూ తేలుతుంది. 213 వర్గం 45,369. అందులోంచి 22,697 తీసి సగం చేస్తే 11,336 వస్తుంది, అది ఆ రెండు నంబర్ల లబ్ధం. కూడితే 213, గుణిస్తే 11,336 అయ్యే సంఖ్యలు 104, 109 తప్ప వేరే లేవు. తొమ్మిదో తరగతి పిల్లలు చేసే లెక్క. మూడు తక్కువైతే ఘనాల మొత్తం కూడా కావాలి, ఇలాగే పైకి పోవచ్చు.

అంటే పంపవలసిన సమాచారం, ఉన్న చీటీల సంఖ్యను బట్టి పెరగదు, తేడాల సంఖ్యను బట్టే పెరుగుతుంది. ఇద్దరు పొరుగువారికి తొంభై తొమ్మిది పాళ్లు ఒకే లావాదేవీలు తెలిసి ఉండే నెట్‌వర్క్‌లో దీనివల్ల ఎంత ఆదా అవుతుందో ఊహించుకోండి.

నిజమైన పద్ధతిలో మామూలు కూడికకు బదులు ఒక రకం పరిమిత క్షేత్రాల (లెక్క ఎంత చేసినా సంఖ్యలు ఒక హద్దు దాటని పద్ధతి) అంకగణితం వాడతారు. అక్కడ కూడినా తీసివేసినా ఒకటే ఫలితం కనుక, చీటీ ఎవరి దగ్గర తక్కువైందో ముందుగా తెలియకపోయినా లెక్క తేలుతుంది. మన గుమాస్తాల లెక్కలో ఆ వెసులుబాటు లేదు, ఇద్దరి దగ్గరా చెరొకటి తక్కువైతే వారు తికమక పడతారు. బిట్‌కాయిన్ కోసం రాసిన మినీస్కెచ్ లైబ్రరీ ఈ పని చేస్తుంది. ఒక్కో గుర్తును 32 బిట్లకు కుదించి, ఇరవై తేడాల వరకు పట్టేలా, పైన చెప్పిన మొత్తాల వంటి సంక్షిప్త చిత్రం (స్కెచ్) తయారు చేస్తే దాని పరిమాణం 80 బైట్లే. ప్రకటనల్లో చెప్పాలంటే రెండున్నర ప్రకటనలు కూడా కావు.

మరి దీన్ని బిట్‌కాయిన్‌లో వాడుతున్నారా?

2019లో గ్లెబ్ నౌమెంకో, గ్రెగరీ మాక్స్‌వెల్, పీటర్ విల్లె, అలెగ్జాండ్రా ఫెడోరోవా, ఇవాన్ బెషాస్ట్నిక్ కలిసి ఎర్లే అనే పద్ధతిని ప్రతిపాదించారు. నోడ్‌కు ఖర్చయ్యే మొత్తం బ్యాండ్‌విడ్త్‌లో (పంపే, అందుకునే డేటాలో) దాదాపు సగం లావాదేవీలను ప్రకటించడానికే పోతోందని వారు లెక్కించారు. ఎర్లేలో లావాదేవీని మొదట కొద్దిమందికి పాత పద్ధతిలోనే వేగంగా చెబుతారు, ఆ తర్వాత మిగతా పొరుగువారితో కొన్ని సెకన్లకోసారి సంక్షిప్త చిత్రాలు మార్చుకుని తేడాలను పూరించుకుంటారు. అంచనా తప్పి తేడాలు ఎక్కువైపోతే చిత్రాన్ని పొడిగిస్తారు, అదీ కుదరకపోతే పాత పద్ధతికి తిరిగి వెళ్తారు.

ఇప్పుడున్న సంబంధాల సంఖ్యతోనే మొత్తం బ్యాండ్‌విడ్త్ 40 శాతం తగ్గుతుందని ఆ పరిశోధన చెప్పింది. నా దృష్టిలో ఆ 40 శాతం కంటే వారి రెండో ఫలితం విలువైనది. పాత పద్ధతిలో సంబంధాలు పెంచుకుంటూ పోతే ఖర్చు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఎర్లేలో దాదాపు నిలకడగా ఉంటుంది. ఎనిమిది మంది పొరుగువారికి బదులు ఇరవై ముప్పై మందిని పెట్టుకోగలిగితే పైన చెప్పిన కొమ్మ నరికే దాడి అంత కష్టమవుతుంది. కబురు చివరి నోడ్‌కు చేరడానికి కొద్ది సెకన్లు ఎక్కువ పడుతుంది. సగటున పది నిమిషాలకో బ్లాకు వచ్చే చోట ఆ ఆలస్యం భరించదగినదే.

ప్రతిపాదన వచ్చి ఏళ్లు గడిచినా బిట్‌కాయిన్ కోర్ (బిట్‌కాయిన్ నోడ్ నడపడానికి ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్) వాడే మామూలు వినియోగదారుకు ఇది దానంతట అదే నడిచే సౌకర్యంగా ఇంకా అందలేదు. డబ్బు నడిచే సాఫ్ట్‌వేర్‌లో సందేశ వ్యాప్తిని మార్చడం రైలు నడుస్తుండగా పట్టాలు మార్చడం వంటిది, తొందర లేకపోవడమే మంచిదని నేను అనుకుంటాను. మా బృందంలో దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు.

బ్లాకులు కూడా ఇలాగే పాకుతాయా?

బ్లాకు విషయంలో ఆలస్యాన్ని సహించలేరు. క్రిస్టియన్ డెకర్, రోజర్ వాటెన్‌హోఫర్ 2013లో కొలిచినప్పుడు బ్లాకు సగం నోడ్‌లకు చేరడానికి ఆరున్నర సెకన్లు పట్టేది, నలభై సెకన్ల తర్వాత కూడా నూటికి అయిదు నోడ్‌లకు చేరేది కాదు. ఆ మధ్యలో ఇంకొకరు పోటీ బ్లాకు తవ్వితే, అంటే తయారు చేస్తే, ఒకరి శ్రమ వృథా. 2016లో మాట్ కొరాలో రూపొందించిన కాంపాక్ట్ బ్లాకులు వచ్చాక బ్లాకులోని లావాదేవీలను మళ్లీ పంపకుండా, ఒక్కోదానికి 6 బైట్ల పొట్టి గుర్తు మాత్రమే పంపుతున్నారు. రెండున్నర వేల లావాదేవీలున్న బ్లాకుకు గుర్తులన్నీ కలిపి 15,000 బైట్లు. లేని ఒకటి రెండింటిని అడిగి తెచ్చుకుంటారు. లావాదేవీలు ముందే అందరికీ చేరి ఉంటేనే ఇది పారుతుంది.

లైట్నింగ్‌లో చెల్లింపులు అందరికీ చెప్పరు కదా, అక్కడ వ్యాప్తి చెందేది ఏమిటి?

నిజమే, లైట్నింగ్‌లో చెల్లింపు దారిలో ఉన్న నోడ్‌లకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ దారి వెతకాలంటే పటం కావాలి, ఆ పటం గాసిప్ (నోడ్ నుంచి నోడ్‌కు నోటిమాటగా పాకే కబుర్లు) ద్వారా తయారవుతుంది. అందులో మూడు రకాల సందేశాలు ఉంటాయి: ఫలానా ఇద్దరి మధ్య ఛానెల్ (సొమ్ము తాళం వేసి తెరిచిన చెల్లింపుల దారి) ఉందనేది, ఫలానా నోడ్ పేరూ చిరునామా ఇవీ అనేది, ఫలానా ఛానెల్‌లో ఈ వైపు సొమ్ము దాటించడానికి రుసుము ఇంత అనేది.

మొదటి రకంలో నాలుగు డిజిటల్ సంతకాలు, వాటిని సరిచూసే నాలుగు పబ్లిక్ కీలు ఉంటాయి. సంతకం 64 బైట్లు, కీ 33 బైట్లు కనుక వాటికే 388 బైట్లు. ఇంత బరువు ఎందుకంటే, బిట్‌కాయిన్ బ్లాకుల్లో నిజంగా సొమ్ము తాళం వేసినవారే ఛానెల్ ప్రకటించగలగాలి, లేకపోతే ఎవరైనా లక్ష దొంగ ఛానెళ్లతో పటాన్ని నింపేస్తారు. ఛానెల్ తెరిచిన లావాదేవీపై ఆరు బ్లాకులు పడేవరకు ప్రకటన కూడా చేయరు. అయితే రోజూ బరువు మోపేది ఇది కాదు, మూడో రకమే. ఛానెల్ ఒక్కసారి తెరుస్తారు, రుసుములు మాత్రం మారుతూనే ఉంటాయి.

ఇక్కడ ఖర్చు తగ్గించే ఉపాయాలు మోటుగా ఉన్నా పనిచేస్తాయి. వచ్చిన సందేశాన్ని వెంటనే పంపకుండా 60 సెకన్లకోసారి మూటగట్టి పంపమని నియమావళి చెబుతుంది. ఆ నిమిషంలో అదే ఛానెల్‌కు ఇంకో మార్పు వస్తే పాతదాన్ని పారేయవచ్చు. ఎల్‌ఎన్‌డీ వంటి లైట్నింగ్ సాఫ్ట్‌వేర్ అందరు పొరుగువారి నుంచీ కాక ముగ్గురి నుంచి మాత్రమే చురుగ్గా గాసిప్ తీసుకుంటుంది. నిద్రలేచిన నోడ్ 'ఈ బ్లాకు నుంచి ఆ బ్లాకు వరకు తెరిచిన ఛానెళ్ల జాబితా చెప్పు' అని అడిగి, లేనివాటిని మాత్రమే తెప్పించుకుంటుంది. ఒక్కో ఛానెల్‌కు బ్లాకు సంఖ్య 3 బైట్లు, లావాదేవీ వరుస 3, అవుట్‌పుట్ వరుస 2 కలిపి 8 బైట్ల పొట్టి గుర్తు ఉండడం వల్ల ఆ జాబితా తేలికగానే ఉంటుంది. మినీస్కెచ్‌ను ఇక్కడ కూడా వాడాలన్న ఆలోచనపై చర్చ ఉంది.

రుసుము మార్చాను, కానీ చెల్లింపులు పాత రుసుముతోనే వచ్చి విఫలమవుతున్నాయి. ఎందుకు?

ఈ తప్పు నేను స్వయంగా చేశాను. ఛానెల్‌లో సొమ్ము ఎటు జరిగితే అటు రుసుము సర్దేలా ఒక చిన్న స్క్రిప్టు రాసి, పది నిమిషాలకోసారి నడిచేలా పెట్టాను. రెండు రోజులు చాలా తెలివైన పని చేశాననుకున్నాను. తీరా చూస్తే నా నోడ్ ఒక రుసుము అడుగుతోంది, లోకం ఇంకొకటి ఇస్తోంది. పొరుగు నోడ్‌లు ఒకే ఛానెల్ గురించి మాటిమాటికీ వచ్చే మార్పులను ఒక హద్దు దాటాక ముందుకు పంపవు. నా పదో మార్పు నా వీధి దాటలేదు.

మార్పులను రోజుకు ఒకటి రెండుకు తగ్గించండి, మార్చాక కొంతసేపు పాత రుసుమును కూడా ఒప్పుకునేలా మీ సాఫ్ట్‌వేర్‌లో వెసులుబాటు ఉంటే వాడుకోండి. పటం కాస్త పాతదైనా కొంప మునగదు. విఫలమైన చెల్లింపుతో తిరిగి వచ్చే సందేశంలోనే కొత్త రుసుమును చేర్చి పంపే వీలు లైట్నింగ్‌లో ఉంది, పంపినవారు సర్దుకుని మళ్లీ ప్రయత్నిస్తారు.

కబురు ఎక్కడ పుట్టిందో పట్టుకోవచ్చా?

అడ్డూ అదుపూ లేని వేగంతో పంపితే పట్టుకోవచ్చు. నెట్‌వర్క్ అంతటా చెవులు పెట్టుకున్నవారు, ఏ నోడ్ నుంచి మొదట వినిపించిందో చూసి మూలాన్ని ఊహిస్తారు. అందుకే బిట్‌కాయిన్ కోర్ కావాలనే తడబడుతుంది. తాను ఎంచుకున్న పొరుగువారికి సగటున రెండు సెకన్లు, తన దగ్గరికి వచ్చి చేరినవారికి సగటున అయిదు సెకన్లు యాదృచ్ఛికంగా ఆగి ప్రకటిస్తుంది. చెవులు పెట్టేవారు సాధారణంగా వచ్చి చేరేవారే కనుక ఈ తేడా. 2017లో వచ్చిన డాండిలయన్ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లి, లావాదేవీని మొదట కాడలా ఒకరి నుంచి ఒకరికే నడిపించి, ఎక్కడో దూరాన పువ్వులా విచ్చుకోనిస్తుంది. దాని మెరుగైన రూపాన్ని మొనేరో అనే మరో నెట్‌వర్క్ 2020లో తీసుకుంది. బిట్‌కాయిన్ తీసుకోలేదు. కాడ దశలో ఉన్న లావాదేవీలకు వేరే నిల్వ కావాలి, దాన్ని చెత్తతో నింపి నోడ్‌ను కుదేలు చేసే దారులు తెరుచుకుంటాయి.

ఇంట్లో మామూలు బ్రాడ్‌బ్యాండ్‌పై నోడ్ నడపవచ్చా? కరెంటు పోతే ఏమవుతుంది?

నడపవచ్చు. మన దగ్గర చాలా కనెక్షన్లు ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటివారు మీ నోడ్‌ను వెతుక్కుని రాలేరు. మీరు వెళ్లి చేరుకునే ఎనిమిది సంబంధాలు మాత్రం చక్కగా పనిచేస్తాయి, కావాలంటే టోర్ (చిరునామాను దాచిపెట్టే నెట్‌వర్క్) ద్వారా రాకపోకలు రెండూ తెరుచుకోవచ్చు. డేటా పరిమితి ఉంటే లావాదేవీల కబుర్లు మానేసి బ్లాకులు మాత్రమే తీసుకునే అమరిక ఉంది. అది పెట్టుకుంటే రుసుముల అంచనా పోతుంది. పైగా అలాంటి నోడ్ నుంచి లావాదేవీ బయలుదేరితే అది మీదేనని పొరుగువారికి ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే ఇతరుల కబుర్లు మీరు మోయడం లేదు.

కరెంటు విషయానికొస్తే, మే నెలలో గాలివాన వచ్చిన రాత్రి మా ఇంట్లో నోడ్ ఆగి మూడు గంటల తర్వాత లేచింది. బిట్‌కాయిన్ వైపు తప్పిపోయిన బ్లాకులను వరుసగా తెచ్చుకుంది. లైట్నింగ్ వైపు ముందు జాబితా అడిగి, తేడాలు తెచ్చుకుని, తన ఛానెళ్లు మళ్లీ పనిలో ఉన్నాయని కొత్త సందేశాలు పంపింది. మూడు గంటలు పెద్ద లెక్క కాదు. రెండు వారాలు దాటినా ఒక ఛానెల్ గురించి తాజా సందేశం రాకపోతే మాత్రం ఇతరులు దాన్ని తమ పటం నుంచి తీసేయవచ్చు. వేసవి సెలవులకు ఊరెళ్లేవారు వెళ్లేముందు ఇన్వర్టర్ స్విచ్ ఒకసారి చూసుకుని వెళ్లండి.